హరీద్ చేపకి పేరు రాసిన మనిషి

శుక్రవారం వస్తే మా గదిలో ఆరుగురికీ చేపల మార్కెట్టే సినిమా హాలు. వారమంతా క్యాంపు మెస్సులో పప్పూ కోడికూరా తిని నాలుక మొద్దుబారి ఉంటుంది. ఫజర్ నమాజు అయిపోయి జెద్దా రోడ్లు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడే, తలా కొంత వేసుకుని బండి మాట్లాడుకుంటాం. ఎనిమిది కొట్టేసరికి సంచీలతో గదికి తిరిగొచ్చేస్తాం. పది గంటలకి పొయ్యి మీద పులుసు ఉడుకుతూ ఉంటుంది.

మాలో ముగ్గురం శ్రీకాకుళం జిల్లా వాళ్లం. సముద్రం ఒడ్డున పుట్టి, చేప కన్ను చూసి అది ఎన్నాళ్ల సరుకో చెప్పేవాళ్లం. మిగతా ముగ్గురూ జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. వాళ్ల లెక్కలో చెరువు చేపే చేప. అయితే ఎర్రసముద్రం చేపల ముందు ఆరుగురం ఒకటే, ఎవరికీ ఏమీ తెలియదు. మా వైపు సముద్రం అడుగున ఎక్కువగా ఇసుకా బురదా ఉంటాయి. ఇక్కడ ఒడ్డు పొడుగునా పగడపు దిబ్బలు. ఆ దిబ్బల మీద బతికే చేపలు ఎరుపూ, నీలం, పసుపూ, పండక్కి రంగులేసిన ఇంటి గోడల్లా ఉంటాయి. వీటిని తింటారా, గాజు తొట్టెలో పెట్టుకుంటారా అని మొదట్లో మాకు అనుమానమే.

ఒక వారం ఆకుపచ్చా నీలం కలిసిన చేప ఒకటి కంటపడింది. మూరెడు పొడుగు, గుర్రం మూతిలా సాగిన మూతి, చిలక ముక్కులాంటి పళ్లు. అమ్మే యెమెన్ పెద్దాయన దాన్ని హరీద్ అన్నాడు. అది బజారు పేరనుకున్నాం. గదికొచ్చాక మాలో చిన్నవాడు ఫోన్‌లో వెతికితే దాని శాస్త్రీయ నామం దొరికింది. హిప్పోస్కారస్ హరీద్. పక్కనే బ్రాకెట్లో ఒక మనిషి పేరూ, ఒక సంవత్సరమూ ఉన్నాయి. ఫోర్స్‌కోల్, 1775.

మాకు ఆశ్చర్యం వేసింది. ఆ పెద్దాయన నోట విన్న మాటే ప్రపంచమంతా వాడే శాస్త్రం పేరులో ఉంది. రెండున్నర శతాబ్దాల కింద ఎవరో వచ్చి, ఇక్కడి జాలరుల నోట విన్న పేరుని మార్చకుండా అలాగే రాసుకుని వెళ్లారన్నమాట. ఎవరా మనిషి అని వెతుకుతూ పోతే, కొన్ని శుక్రవారాలు గడిచాక మాకు దొరికిన జీవితం ఇది. మనలాగే పని మీద అరబ్బు దేశానికి వచ్చి, మనలో చాలామంది భయపడే చావే చచ్చిన మనిషి జీవితం.

నోరున్న కుర్రాడు

పీటర్ ఫోర్స్‌కోల్ 1732 జనవరి 11న హెల్సింకీలో పుట్టాడు. ఇప్పుడది ఫిన్లాండ్ రాజధాని, అప్పుడు స్వీడన్ రాజ్యంలో ఒక ఊరు. తండ్రి చర్చిలో పాస్టరు. కుటుంబం తర్వాత స్వీడన్‌కి మారింది. పిల్లవాడు పదేళ్లకే ఉప్సాలా విశ్వవిద్యాలయం పుస్తకంలో పేరు రాయించుకున్నాడు. అక్కడే చెట్లకూ జంతువులకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని నిలబెట్టిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. జర్మనీలోని గాటింగెన్ వెళ్లి తత్వశాస్త్రం, అరబ్బీ వంటి తూర్పు భాషలు నేర్చి, 1756లో డాక్టరేటు తెచ్చుకున్నాడు.

చదువు ఎంత ఉందో నోరూ అంత ఉంది. 1759లో పౌరుల స్వేచ్ఛ గురించి చిన్న పుస్తకం వేశాడు. అందులో మొత్తం 21 అంశాలు. సామాన్యుడి స్వేచ్ఛకి పరాయి శత్రువు కన్నా సొంత దేశంలోని బలవంతుల వల్లే ముప్పు ఎక్కువని, రాసుకునే హక్కు ఉంటేనే ఆ బలం అదుపులో ఉంటుందని దాని సారం. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. అచ్చేసిన 500 ప్రతుల్నీ వెనక్కి తెమ్మన్న పని ఎవరి మీద పడిందయ్యా అంటే, అప్పుడు విశ్వవిద్యాలయం పెద్దగా ఉన్న గురువు లిన్నేయస్ మీదే. దొరికినవి 79 మాత్రమే. మిగతావి జనం చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఏడేళ్లకి, 1766లో, స్వీడన్ పత్రికా స్వేచ్ఛ చట్టం తెచ్చింది. అది చూడటానికి ఫోర్స్‌కోల్ లేడు.

ఆరుగురి ప్రయాణం

ఆ రోజుల్లో డెన్మార్క్ రాజు అయిదవ ఫ్రెడరిక్ అరేబియాకి ఒక బృందాన్ని పంపాలనుకున్నాడు. అక్కడి భాషలు, ఊళ్లు, చెట్లు, జంతువులు అన్నీ చూసి రాసుకు రావాలి. ప్రకృతి శాస్త్రం పనికి ఫోర్స్‌కోల్‌ని పిలిచారు. పిలిచారు కదా అని ఎగిరి గంతేసి సంచీ సర్దుకోలేదు. తన హోదా ఏమిటి, తిరిగొచ్చాక పింఛను ఎంత, బృందంలో ఒకరి కింద ఒకరా లేక అందరూ సమానమా అన్నీ ముందే తేల్చుకున్నాడు. అగ్రిమెంటు చదవకుండా వేలిముద్ర వేసి విమానం ఎక్కిన వాళ్లని ఎందర్నో చూశాం కాబట్టి, ఆయన మీద మాకు మొదటి గౌరవం ఇక్కడే కలిగింది.

1761 జనవరి 4న కోపెన్‌హాగెన్ రేవు నుంచి యుద్ధనౌకలో బయలుదేరారు. భాషల పండితుడు ఫాన్ హావెన్, మ్యాపులు గీసే నీబుర్, వైద్యుడు క్రామర్, బొమ్మలు వేసే బౌరెన్‌ఫైండ్, నౌకరు బెర్గ్రెన్, ఫోర్స్‌కోల్. లెక్కకి ఆరుగురు, మా గదిలో ఉన్నంతమందే.

ఒక గదిలో ఆరుగురుంటే ఎలా ఉంటుందో ఈ పేజీ చదివే వాళ్లకి చెప్పక్కర్లేదు. వాళ్లకీ పడలేదు. ఫాన్ హావెన్‌కీ ఫోర్స్‌కోల్‌కీ మొదటినుంచీ చుక్కెదురే. ఇస్తాంబుల్‌లో ఫాన్ హావెన్ విషం కొన్నాడని తెలిసి, మిగతావాళ్లు తమ అన్నంలో కలుపుతాడేమోనని హడలిపోయి డెన్మార్క్ రాయబారికి ఉత్తరం రాసుకునేదాకా వెళ్లింది వ్యవహారం. మా గదిలో గొడవలు ఇప్పటికీ గ్యాస్ బిల్లు దగ్గరే ఆగుతున్నాయి, అంతవరకూ మేమే నయం.

1761 శరదృతువులో ఈజిప్టు చేరి అక్కడ ఏడాది ఉన్నారు. ఫోర్స్‌కోల్ యూరప్ కోటు విప్పేసి అక్కడి మామూలు జనం బట్టలు కట్టుకున్నాడు. వీధి అరబ్బీ నేర్చుకున్నాడు. మొక్కల కోసం ఊరి బయట తిరుగుతుంటే దొంగలు ఒంటిమీద బట్టలతో సహా దోచుకున్నారు. అయినా మానలేదు. పండితుడి అరబ్బీ పుస్తకంలో ఉంటే, ఈయన అరబ్బీ బజారులో ఉండేది. చేపల పేర్లు దొరికింది ఆ బజారు అరబ్బీకే.

జెద్దాలో ఆరు వారాలు

1762 అక్టోబరులో సూయజ్ నుంచి యాత్రికుల ఓడలో జెద్దా బయలుదేరారు. దారిలో సూర్యగ్రహణం పట్టింది. ఫోర్స్‌కోల్ దాని సంగతి ముందే చెప్పి, మసి పట్టించిన గాజులోంచి చూపించాడు. గ్రహణం చెప్పగలిగినవాడు వైద్యం చేయలేడా అని ఓడలో జనం రోగాలతో ఆయన చుట్టూ మూగారు. సూపర్‌వైజర్ కాబట్టి అన్నీ తెలుసనుకుని బ్యాంకు ఫారాల దగ్గర్నుంచి పంటినొప్పి దాకా మమ్మల్నే అడిగే మా సైటు కుర్రాళ్లు గుర్తొచ్చారు.

అక్టోబరు ఆఖర్న జెద్దాలో దిగి, డిసెంబరు నడిమి దాకా ఉన్నారు. ఊరి జనం మంచిగానే చూశారు. అయితే మక్కా వైపు ద్వారం దాటి వెళ్లడానికి వాళ్లకి అనుమతి లేదు. ఇక మిగిలింది సముద్రమే. ఆ సముద్రం నిండా పగడపు దిబ్బలు, వాటి నిండా అంతవరకూ యూరప్ పుస్తకాలకెక్కని చేపలు.

సివిల్ డిప్లొమా చదివినవాళ్లం గనక ఇక్కడొక మాట చెప్పాలి. జెద్దా పాతబస్తీ అల్-బలద్ వెళ్లినప్పుడు ఆ ఎత్తయిన ఇళ్ల గోడలని దగ్గరగా చూడండి. రాయి మీద తేనెపట్టులాంటి గళ్లు కనిపిస్తాయి. అది కొండరాయి కాదు, సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయి. మధ్య మధ్య వరసల్లో కొయ్య దూలాలు పెట్టి కట్టారు, మనం బ్యాండ్ వేసినట్టు. ఆ పాతబస్తీని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరంతా దిబ్బ రాయితో కట్టినప్పుడు, ఆ దిబ్బల్లో ఏ చేప ఎక్కడుంటుందో ఊళ్లో జాలరులకి తెలియకుండా ఉంటుందా? ఫోర్స్‌కోల్ వెళ్లి నిలబడింది వాళ్ల దగ్గరే.

చేపని రాసుకోవడం

ఆయన పని తీరు చూస్తే మాకు కడ్డీల లెక్క రాసే షీటు గుర్తొచ్చింది. ఏ రెక్కలో ఎన్ని గట్టి ముళ్లు, ఎన్ని మెత్తని కడ్డీలు, పళ్లు ఎలా ఉన్నాయి, పొలుసు ఎలా ఉంది, ఏ రంగు, స్థానికులు ఏమంటారు, ఎక్కడ దొరుకుతుంది అని వరసగా లాటిన్‌లో రాసుకునేవాడు. రంగు వెంటనే రాయాలి. దిబ్బ చేప నీళ్లలోంచి తీసిన కాసేపటికే రంగు మారిపోతుంది.

అన్ని చేపలకీ ముళ్ల లెక్క ఒక్కటే సరిపోదు. హరీద్‌నే తీసుకోండి. అది చిలక చేపల కుటుంబం. ఆ కుటుంబంలో ఏ చేపని పట్టినా వీపు మీద 9 ముళ్లు, 10 మెత్తని కడ్డీలే ఉంటాయి. లెక్కపెట్టి వేరు చేయలేం. రంగు చూద్దామంటే అదింకా మోసం. చిలక చేపల్లో చాలా రకాలు ఆడవిగా పెరిగి, వయసు మీద మగవిగా మారతాయి. మారినప్పుడు చొక్కా మార్చినట్టు రంగూ మారుతుంది. ఫోర్స్‌కోల్ జెద్దాలో రాసుకున్న ఇంకో చిలక చేప ఘొబ్బాన్. అందులో ఆడది పసుపు మీద నీలం పట్టీలతోనూ, మగది ఆకుపచ్చా నీలంతోనూ ఉంటుంది. పక్కపక్కన పెడితే రెండు జాతులనే అనుకుంటాం. ఇలాగే పొరబడి తర్వాతి శాస్త్రవేత్తలు చిలక చేపలకి వందల పేర్లు పెట్టేశారు. చివరికి తేలిన జాతులు సుమారు వంద.

మరి హరీద్‌ని ఎలా గుర్తుపట్టాలి? మొదట మూతి. మిగతా చిలక చేపల ముఖం గుండ్రంగా ఉంటే, దీనిది ముందుకి సాగి ఉంటుంది. హిప్పోస్కారస్ అనే పేరులో హిప్పో అంటే గ్రీకులో గుర్రమే. రెండోది అది ఉండే చోటు. అలలు విరిగి పడే దిబ్బ అంచు కన్నా, దిబ్బ లోపలి వైపు ప్రశాంతంగా ఉండే నీళ్లు, ఇసుకా పగడపు ముక్కలూ కలిసిన నేల దానికి ఇష్టం. గుంపుగా తిరుగుతూ, చచ్చిన పగడం మీద పట్టిన నాచుని గట్టి ముక్కుతో గీకి తింటుంది. నాచుతో పాటు రాయీ లోపలికి పోతుంది. గొంతులో ఉన్న తిరగలి లాంటి పళ్లు దాన్ని పొడి చేస్తాయి, అది తెల్లని ఇసుకై బయటికొస్తుంది. పగడపు తీరాల్లో మనం చూసే తెల్లటి ఇసుకలో మంచి భాగం చిలక చేపల చలవే. సైట్లో మేము క్రషర్ పెట్టి చేసే పని, అది నోటితో చేస్తుంది.

జీజాన్ దగ్గర ఫరసాన్ దీవుల్లో పని చేసే మనవాళ్లకి హరీద్ బాగా తెలిసే ఉంటుంది. ఏటా వేసవి మొదట్లో కొన్ని రోజులు అవి వేలకొద్దీ ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి గుంపు కడతాయి. గుడ్లు పెట్టే కాలంలో జరిగే కూడిక అది. ఊరంతా వలలతో నీళ్లలోకి దిగి పండగ చేసుకుంటుంది, దానికి పేరే హరీద్ పండగ. ఏ రోజుల్లో వస్తుంది, ఏ ఒడ్డుకి వస్తుంది అనేది అక్కడి వాళ్లు తరతరాలుగా ఎరిగినదే. హరీద్ అన్న మాటని ఈ ఎర్రసముద్రం జాలరుల దగ్గర్నుంచే తీసుకున్నాడు ఫోర్స్‌కోల్.

హరీద్ ఒక్కటే కాదు. బొహార్, సొహాల్, హరక్, అస్ఫూర్, తౌవీనా. ఇవన్నీ ఇవాళ ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామాల్లోని రెండో మాటలు. అన్నీ ఈ తీరం జాలరుల మాటలు. కొత్త చేప దొరికితే రాజు పేరో, గురువు పేరో పెట్టి మెప్పు పొందొచ్చు. ఈయన మాత్రం ముందు నుంచీ ఉన్న పేరునే చాలాచోట్ల నిలబెట్టాడు.

మోఖా కస్టమ్స్

జెద్దా నుంచి చిన్న పడవలో, ఒడ్డు వెంటే, రాత్రుళ్లు లంగరు వేసుకుంటూ 1762 డిసెంబరు 29న యెమెన్‌లోని లుహయ్యా రేవు చేరారు. తర్వాత కొన్ని నెలలు ఫోర్స్‌కోల్ జీవితంలో మంచి రోజులు. అద్దె గాడిదల మీద కాఫీ తోటల కొండలెక్కాడు. గురువు ఎన్నేళ్లుగానో అడుగుతున్న మక్కా గుగ్గిలం చెట్టుని కనిపెట్టి, కొమ్మ తుంచి పంపాడు.

మోఖా రేవుకొచ్చాక కథ తిరగబడింది. సముద్రం మీద వచ్చిన పెట్టెల్ని కస్టమ్స్ వాళ్లు తెరిపించారు. సారాలో వేసిన చేపల కంపు గుప్పుమంది. ఒక సీసాలో పాములు కనిపించేసరికి, వీళ్లు జనానికి విషం పెట్టడానికి వచ్చారన్న అనుమానం పుట్టింది. నెలల కష్టం పాడైంది. వాళ్లుండే ఇంట్లోంచి సామాన్లు వీధిలోకి విసిరేశారు. ఎయిర్‌పోర్టులో అమ్మ కట్టిన ఆవకాయ సీసా బెల్టు మీద పగిలితేనే మనకి గుండె జారిపోతుంది. ఆయనకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఆయన దగ్గర ఇంకో ఉపాయం కూడా ఉంది. చేపని నిలువునా చీల్చి, ఒక పక్క తోలుని రెక్కలతో సహా ఆరబెట్టి, మొక్కని అంటించినట్టు కాగితానికి అంటించేవాడు. సీసా అక్కర్లేదు, సారా అక్కర్లేదు, కంపూ ఉండదు. అలా అంటించిన చేపలు సుమారు వంద కోపెన్‌హాగెన్ జంతుశాస్త్ర మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. రంగులు పోయాయి. ముళ్లూ పొలుసులూ లెక్కకి అందుతున్నాయి. సందేహం వచ్చిన శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాటిని తీసి చూస్తారు.

యరీమ్‌లో

1763 మే 25న మోఖాలో ఫాన్ హావెన్ జ్వరంతో చనిపోయాడు. మిగతావాళ్లు సనా నగరానికి కొండదారి పట్టారు. దారిలో ఫోర్స్‌కోల్‌కీ జ్వరం తగిలింది. కూర్చోలేని మనిషిని ఒంటెకి కట్టి యరీమ్ ఊరు చేర్చారు. జులై 11న కన్ను మూశాడు. సరిగ్గా ముప్పై ఒకటిన్నర ఏళ్లు. అది మలేరియా అని, దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

పరాయి మతం మనిషిని మోయడానికి ఎవరూ రాలేదు. ఎక్కువ డబ్బిచ్చి కొందరిని ఒప్పించి, రాత్రివేళ తీసుకెళ్లి, కొనుక్కున్న కొద్దిపాటి స్థలంలో పూడ్చారు. పెట్టెలో పెట్టి పూడ్చడం చూసి లోపల ధనం ఉందనుకున్నారు కొందరు. తవ్వారు. ఏమీ దొరకలేదు. తర్వాత ఊరి అధికారి ఆ శరీరాన్ని మళ్లీ పూడ్పించాడు, చేసిన కూలికి ఆ కొయ్యపెట్టెనే ఇచ్చేశాడు. చేపలకీ చెట్లకీ పేరూ ఊరూ రాసిన మనిషికి చివరికి పెట్టె కూడా మిగల్లేదు.

చిత్రకారుడు బౌరెన్‌ఫైండ్, నౌకరు బెర్గ్రెన్ ఆగస్టు ఆఖర్న బొంబాయి వెళ్లే ఓడలో ఒకరి వెంట ఒకరు పోయారు. వైద్యుడు క్రామర్ 1764లో బొంబాయిలో పోయాడు. ఆరుగురిలో నీబుర్ ఒక్కడే 1767 నవంబరులో కోపెన్‌హాగెన్ చేరాడు. చేరి ఊరుకోలేదు. స్నేహితుడి కాగితాలు పోగేసి, సొంత డబ్బు పెట్టి, 1775లో జంతువుల పుస్తకం, మొక్కల పుస్తకం అచ్చేయించాడు. హరీద్ పక్కన ఉన్న ఏడాది అదే. మనిషి పోయిన పన్నెండేళ్లకి ఆయన పేరు పుస్తకానికెక్కింది. గురువు లిన్నేయస్ కూడా మరిచిపోలేదు. బట్టకి పట్టుకుంటే వదలని మొండి మొక్క ఒకదానికి శిష్యుడి పేరు పెట్టాడు.

పేరు తప్పితే

పేరుతో ఇంత పనా అంటారేమో, ఒక చేప సంగతి వినండి. గల్ఫ్‌లో హమూర్ తెలియని తెలుగువాడు ఉండడు. ఫోర్స్‌కోల్ ఎర్రసముద్రంలో తౌవీనా అని ఒక దిబ్బ చేపకి పేరు రాశాడు. అదీ ఒంటి నిండా చుక్కలున్న అదే కుటుంబం చేప. పోలిక చూసి, తర్వాతి వాళ్లు గల్ఫ్ హమూర్‌ని కూడా చాలా ఏళ్లు తౌవీనా అనే పుస్తకాల్లో రాసేశారు. రెండిటి ఇల్లు వేరు. తౌవీనాది పగడపు దిబ్బ దగ్గరి తేట నీరు. హమూర్ బురద కలిసిన తీరం నీళ్లలోనూ, నది కలిసే చోట్లలోనూ హాయిగా ఉంటుంది. 1991లో ఈ చేపల మీద పెద్ద పుస్తకం వచ్చి లెక్క సరిచేసింది. గల్ఫ్ హమూర్ అసలు శాస్త్రీయ నామం ఎపినెఫెలస్ కొయాయిడిస్. ఆ పేరు 1822లో గంగానది చేపల పుస్తకంలో పుట్టింది. అంటే అరబ్బు షేకులు ఇష్టపడే హమూర్‌కి పేరు పెట్టింది మన దేశపు నీళ్ల దగ్గరే. ఏ చేపని ఎంత పట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే లెక్కలన్నీ పేరు మీదే నడుస్తాయి. పేరు తప్పితే లెక్కంతా తప్పే.

మనుషులకీ అంతే. కొన్నేళ్ల కింద మా సైట్లో పనిచేసే ఒకాయన నిద్రలోనే పోయాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇకామాలో తిరగేసి, పైగా ఒక అక్షరం మార్చి రాశారు. మేము సూపర్‌వైజర్లం రోజూ ఆయన్ని పిలిచింది హెల్మెట్ మీది నంబరుతో. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితం మీద తేలేసరికి వారాలు గడిచాయి. ఊళ్లో భార్య రోజూ ఫోన్ చేసేది. మా దగ్గర జవాబు లేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉందని మాకు తెలుసు. ఆయన పేరు ఎలా రాసి ఉందో మేము ఒక్కసారి కూడా చూడలేదు. యరీమ్ సంగతి చదివిన రాత్రి మా గదిలో ఎవరూ టీవీ పెట్టలేదు.

మర్నాడు ఆరుగురం పాస్‌పోర్టులూ ఇకామాలూ మంచం మీద పరిచి అక్షరం అక్షరం చూసుకున్నాం. ఇద్దరివి తేడా ఉన్నాయి. దిద్దించుకోవడానికి తిరుగుతున్నాం. ఇది చదివే అన్నదమ్ములూ ఒకసారి చూసుకోండి. సైట్లో నంబరుతో పిలవడం మేము మానేశాం. నలభైమంది పేర్లు నోటికి రావడానికి రెండు వారాలు పట్టింది, అంతే.

చివరిగా మా శ్రీకాకుళం వాళ్ల గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి. ఫోర్స్‌కోల్ పోయిన ఇరవై ఏళ్లకి, 1780ల్లో, పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ మన జాలరుల దగ్గర కూర్చుని చేపల పేర్లు తెలుగులో అడిగి రాసుకున్నాడు. 1803లో 200 చేపలతో పుస్తకం వేశాడు. మనం కానాగంత అనే చేపని ఆయన కనగుర్త అని రాశాడు. ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియె 1816లో దాన్నే శాస్త్రీయ నామంలో పెట్టాడు. రాస్ట్రెలిజర్ కనగుర్త. జెద్దాలో హరీద్ ఎలాగో, మన ఒడ్డున కానాగంత అలాగ. మా తాతలు వలలోంచి తీస్తూ పలికిన మాట ఇవాళ ప్రపంచంలో ఏ చేపల పుస్తకం తీసినా ఉంటుంది.

పోయిన శుక్రవారం యెమెన్ పెద్దాయన దగ్గర ఈసారి మేమే ముందుగా హరీద్ అని అడిగాం. ఆయన నవ్వి ఇంకో చేప చేతికిచ్చి దాని పేరూ చెప్పాడు, అది ఏ దిబ్బ పక్కన పడుతుందో కూడా చెప్పాడు. మాలో చిన్నవాడు ఫోన్‌లో రాసుకున్నాడు. రాసుకున్నాక ఆ పెద్దాయన పేరేమిటని అడిగాం. మూడేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాం, అడగడం అదే మొదటిసారి.